సైకిల్ సందేహాలు: 11 నుంచి 12 గేర్లకు

ప్రశ్న: నా రోడ్ బైక్‌కు షిమానో 105 ఆర్7000 గేర్ల సెట్ ఉంది. 11 స్పీడ్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. షిమానోదే అల్టెగ్రా డీఐ2 (బ్యాటరీతో గేర్లు మారే రకం) 12 స్పీడ్ పెట్టించాలనుకుంటున్నాను. షిఫ్టర్లు, రెండు డీరైలర్లు (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపేవి) కొంటే సరిపోతుందా?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: సరిపోదు. క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), చైన్ కూడా మార్చక తప్పదు. 11 గేర్లు పట్టే జాగాలోనే 12 పట్టించారు కాబట్టి చైన్ సన్నబడింది. 11, 12 స్పీడ్ భాగాలను కలిపి వాడితే గేరు నిలవదు. మీకు కలిసొచ్చేది వెనక చక్రం. అల్టెగ్రా ఆర్8100 క్యాసెట్ 11 స్పీడ్ రోడ్ ఫ్రీహబ్ (వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగం) మీదే ఎక్కుతుంది, కొత్త చక్రం కొనక్కర్లేదు. పాత 10 స్పీడ్ హబ్ ఉన్నవాళ్లకు మాత్రం ఈ సౌకర్యం లేదు. ఆ ఫ్రీహబ్ 1.85 మిల్లీమీటర్లు పొట్టి.

డబ్బా తెరిచాక చాలామంది ఇబ్బంది పడేది చిన్న సామాను దగ్గరే. ‘వైర్‌లెస్’ అన్న మాట హ్యాండిల్ నుంచి వెనక డీరైలర్ వరకే. రెండు డీరైలర్లూ సీట్‌పోస్ట్‌లోని బ్యాటరీకి వైరుతో కలవాల్సిందే. అందుకని బీటీ-డీఎన్300 బ్యాటరీ, రెండు ఈడబ్ల్యూ-ఎస్‌డీ300 వైర్లు, ఆ వైర్లు గుచ్చే టీఎల్-ఈడబ్ల్యూ300 పనిముట్టు, ఈడబ్ల్యూ-ఈసీ300 ఛార్జింగ్ కేబుల్, సీట్‌పోస్ట్‌కు సరిపడే బ్యాటరీ హోల్డర్ విడిగా లెక్కలో వేసుకోండి. గుండ్రటి సీట్‌పోస్ట్ అయితే హోల్డర్ తేలిగ్గా దొరుకుతుంది. ఏరో ఆకారంలో ఉంటే ఫ్రేమ్ కంపెనీ ఇచ్చేదే కావాలి. ఆర్డర్ పెట్టేముందు ఫ్రేమ్‌లో వైరు దూరే రంధ్రాలు ఉన్నాయో లేదో టార్చి వేసి చూసుకోండి.

రోటర్లు (బ్రేకు డిస్కులు) అరిగి మందం 1.5 మిల్లీమీటర్ల కంటే తగ్గి ఉండకపోతే అవే వాడుకోవచ్చు. 11 స్పీడ్ క్రాంక్‌ను (పెడళ్లు, ముందు పళ్లచక్రాలు బిగించే భాగం) 12 స్పీడ్ చైన్‌తో నడిపేవాళ్లూ ఉన్నారు. షిమానో దాన్ని సిఫారసు చేయదు, ముందు గేరు మారడం కాస్త మందకొడిగా ఉంటుంది. డబ్బు సర్దుబాటు కాకపోతే క్రాంక్ మార్చడం చివరికి వాయిదా వేయండి గానీ చైన్ దగ్గర మాత్రం పొదుపు వద్దు.

మీరు అడగకపోయినా ఒక మాట. 105 డీఐ2 గేరు మార్చే తీరులో అల్టెగ్రాకు పెద్దగా తీసిపోదు. బరువు ఎక్కువ, ధర తక్కువ. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు కొనుక్కుంటే ఆ తేడా రోడ్డు మీద ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: అరకు ఘాట్ ఎక్కేటప్పుడు నాకు గేర్లు చాలడం లేదు. 12 స్పీడ్‌లో ఏ క్యాసెట్ తీసుకోవాలి?
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: మొదట 50/34 క్రాంక్ (ముందు పళ్లచక్రాలకు 50, 34 పళ్లు) ఉందో లేదో చూసుకోండి. అల్టెగ్రా వెనక డీరైలర్ పరిమితి 34 పళ్లు, 105 డీఐ2కి 36. ముందు 34, వెనక 34 ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం కూడా ఒకటే చుట్టు తిరుగుతుంది. వెనక 36 అయితే 0.94 చుట్టు. ఘాట్ కోసమే అయితే 105 డీఐ2, 11-36 క్యాసెట్ తీసుకోండి. సముద్రపు గాలికి బోల్టులు పట్టేస్తాయి కనుక బిగించేటప్పుడు మరలకు గ్రీజు మరవొద్దు.

ప్రశ్న: దుకాణంలో డీఐ2 బిగించి ఇచ్చారు. మధ్య గేర్లలో చైన్ గరగరమంటోంది. వెనక బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది.
– విజయవాడ పాఠకుడు

జవాబు: గేర్ల సంగతి ముందు. మోటారు ఉందని వంగిన హ్యాంగర్ (ఫ్రేమ్‌కు వెనక డీరైలర్‌ను పట్టి ఉంచే ముక్క) దానంతటదే సరికాదు. సైకిల్ ఒకసారి కుడివైపు పడితే చాలు, హ్యాంగర్ వంగుతుంది. దాన్ని గేజ్‌తో సరిచేయించాకే మిగతా సర్దుబాటు. వెనక డీరైలర్ మీద బటన్ నొక్కి పట్టుకుని అడ్జస్ట్‌మెంట్ మోడ్‌లోకి వెళ్లండి. చైన్‌ను పెద్ద పళ్లచక్రం నుంచి ఐదోదాని మీద ఉంచి, షిఫ్టర్ నొక్కుతూ చప్పుడు పోయేదాకా పిసరు పిసరుగా జరపండి. ఫోన్‌లో ఇ-ట్యూబ్ యాప్‌తోనూ ఇదే పని చేయవచ్చు. లోపలివైపు లిమిట్ స్క్రూ (డీరైలర్ కదలికకు హద్దు పెట్టే మర) మరీ బిగిస్తే మోటారు దానికి తన్నుకుంటూ బ్యాటరీని తినేస్తుంది. ఛార్జి తొందరగా అయిపోతోందంటే మొదట దాన్నే చూడండి.

బ్రేకు మెత్తబడడానికి కారణం గొట్టంలో గాలి. ఫ్రేమ్ లోపలి నుంచి గొట్టం తీయాలంటే కోస్తారు. కోసిన అంచు చదునుగా లేకపోయినా, ఆలివ్, ఇన్సర్ట్ (గొట్టం చివర బిగించే చిన్న ముక్కలు) కొత్తవి వేయకుండా పాతవే తిప్పి వాడినా నూనె కారి గాలి చేరుతుంది. రెండూ కొత్తవి వేయించి, కాలిపర్‌లో (డిస్క్‌ను పట్టే భాగం) బ్లీడ్ బ్లాక్ పెట్టి, షిమానో మినరల్ ఆయిల్‌తో బ్లీడ్ చేయించండి, అంటే గాలి తీసి నూనె నింపించండి. డాట్ ఫ్లూయిడ్ (మరో రకం బ్రేకు ద్రవం) పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. శ్రామ్ అనే మరో కంపెనీ రోడ్ బ్రేకులకు డాట్ కావాలి, మెకానిక్ దగ్గర రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి, అడిగి తెలుసుకోండి. ఎలాగూ తీసుకెళ్తున్నారు కదా, టార్క్ రెంచితో క్రాంక్ బోల్టులు రెండూ మార్చి మార్చి 12-14 న్యూటన్ మీటర్లకు, క్యాసెట్ లాక్‌రింగ్ 30-50కి ఉన్నాయో లేదో చూడమనండి.

ప్రశ్న: డల్లాస్ నుంచి మా అన్నయ్య గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల పూర్తి సెట్) తెస్తానంటున్నాడు. జాగ్రత్తలు?
– గుంటూరు పాఠకుడు

జవాబు: విడి లిథియం బ్యాటరీని చేతి సామానులోనే తేవాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. బ్రేకు నూనె ఇక్కడే కొనుక్కోండి. అమెరికాలో అమ్మే సెట్లలో ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది. మీకు కుడి చేత్తో ముందు బ్రేకు అలవాటైతే పొడవు గొట్టం పొరపాటు లివరుకు వచ్చి ఉంటుంది, మార్చాల్సి వస్తుంది. శ్రామ్ అయితే వెనక చక్రానికి ఎక్స్‌డీఆర్ ఫ్రీహబ్ బాడీ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. 10 పళ్ల చక్రంతో మొదలయ్యే వాళ్ల క్యాసెట్లు షిమానో బాడీ మీద కూర్చోవు.

ప్రశ్న: పాత అల్టెగ్రా ఆర్8000 క్రాంక్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: 2012 జూన్ నుంచి 2019 జూన్ మధ్య తయారైన 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ క్రాంక్‌లు అతుకు ఊడి విడిపోతున్నాయని షిమానో 2023 సెప్టెంబరులో తనిఖీకి పిలిచింది. 6800, ఆర్8000, 9000, ఆర్9100 ఆ జాబితాలోవే. 105 ఆర్7000 అందులో లేదు. క్రాంక్ లోపలివైపు చెక్కిన రెండక్షరాల కోడ్ ఫోటో తెప్పించుకుని షిమానో జాబితాతో సరిపోల్చండి. అమ్మేవాళ్లు ఫోటో పంపకపోతే వదిలేయండి. కొన్నాక తొక్కేటప్పుడు కిర్రుమన్నా, అతుకు దగ్గర సన్నటి గీత కనిపించినా ఆ క్రాంక్‌తో ఇక తొక్కొద్దు.