విన్చి అనే ఊరు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్రకారుడు లియొనార్దో మీద నువ్వు పంపిన వ్యాసం ఒక్క ఊపున చదివాను. వాక్యం నీ చేతిలో హాయిగా నడుస్తోంది. రెండో పేరా దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘డావిన్సీ’ ఆయన ఇంటిపేరనీ, ‘గెలుచు’ అనే లాటిన్ మాట నుంచి వచ్చిందనీ, విజయం ఆయన పేరులోనే ఉందనీ రాశావు. ఆ పేరా తీసెయ్యి. గొప్పవాడికి గొప్ప అర్థం అంత చక్కగా అతికిందంటే అనుమానించాలి కదా!

విన్చి ఒక ఊరు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, ఫ్లోరెన్స్‌కు పడమర, మోంతాల్బానో కొండవాలులో ద్రాక్ష, ఆలివ్ తోటల మధ్య ఉంది. ‘ద విన్చి’ అంటే ఆ ఊరివాడని. తాత అంతోనియో 1452లో రాసిపెట్టుకున్న నాలుగు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఏప్రిల్ 15, శనివారం, రాత్రి మూడో గంటకు (పొద్దుగూకినప్పటి నుంచి వాళ్ల లెక్క) తన కొడుకు సెర్ పియెరోకు కొడుకు పుట్టాడు, పేరు లియొనార్దో. పిల్లవాడి పేరు అంతవరకే. బాప్తిస్మమిచ్చిన ఫాదరీ పేరు చివర మాత్రం ‘ద విన్చి’ ఉంది. ఆయనదీ ఆ ఊరే మరి. కన్నతల్లి కతెరీనా పేరు అందులో ఎక్కడా లేదు. ఇలాంటి కాగితం ముందు తీరిగ్గా కూర్చో. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

ఊరి పేరుకు మూలం ఆ చుట్టుపక్కల పారే విన్చియో వాగు, దాని ఒడ్డున పెరిగే ‘వింకో’ అనే విల్లో జాతి మొక్క అని ఎక్కువగా చెబుతారు. నాకూ అదే నచ్చుతుంది. దాని సన్నని కొమ్మలు వంచితే విరగవు. వాటితో బుట్టలు అల్లేవారు, ద్రాక్షతీగలను గుంజలకు కట్టేవారు. ‘కట్టు’ అనే అర్థమున్న లాటిన్ ‘వింకులుమ్’ ఈ మాటకు చుట్టమే. ఇప్పుడు మిలన్ కోటలోని సాలా దెల్లె అస్సె గది పైకప్పు చూడు. 1498లో లియొనార్దో అక్కడ మల్బరీ కొమ్మలను బంగారు తాడుతో ముడి మీద ముడి వేసి అల్లినట్టు చిత్రించాడు. పేరుకూ మనిషికీ ముడి పెట్టాలని నీకంత కోరికగా ఉంటే, ఇక్కడ పెట్టు. కానీ అది నీ ఊహ అని పాఠకుడికి తెలిసేలా రాయి.

ఇంటిపేరుగా విన్చి కావాలంటే వేరే మనిషి దగ్గరికి వెళ్లాలి. దక్షిణ ఇటలీలోని కలాబ్రియాలో పుట్టి, నేపుల్స్‌లో ఒపెరాలు (సంగీత నాటకాలు) కట్టి, 1730లో కన్నుమూసిన సంగీతకర్త లియొనార్దో విన్చి. ఆయన పేరులో ‘ద’ లేదు. ఇద్దరినీ కలిపేసిన వ్యాసాలు కనిపిస్తుంటాయి, జాగ్రత్త.

మరొకటి. ‘విన్సీ’ అనకు. ఇటలీవాళ్లు పలికే ‘విన్చి’ మన లిపిలో చక్కగా ఒదుగుతుంది. రెండో పేరా మళ్లీ రాసి పంపు, మిగతాది కదపవద్దు.