ముందు దోమ ఏదో తేల్చండి

ప్రశ్న: వోల్బాకియా ఎక్కించిన దోమల్ని వదిలిన చోట అవి నిలదొక్కుకున్నాయో లేదో ల్యాబ్‌లో ఎలా తెలుస్తుంది?
– డీఎంఎల్‌టీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: వోల్బాకియా కీటకాల కణాల్లో బతికే బాక్టీరియా, మనుషులకు సోకదు. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమలో ఇది మామూలుగా ఉండదు. పండ్ల ఈగలోని రకాన్ని సన్నని సూదితో దోమ గుడ్లలోకి ఎక్కించారు. ఇది ఉన్న దోమ ఒంట్లో డెంగీ వైరస్ సరిగ్గా పెరగదు. తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. పైగా బాక్టీరియా ఉన్న మగదోమ, లేని ఆడదోమతో కలిస్తే ఆ గుడ్లు పొదగవు. అందుకే తరాలు గడిచేకొద్దీ వీటిదే పైచేయి. ఇండోనేసియాలోని యోగ్యకర్తాను 24 భాగాలుగా విడదీసి 12 చోట్ల వదిలితే, అక్కడ డెంగీ 77 శాతం తక్కువగా నమోదైందని 2021లో ప్రచురించారు. మన దేశంలో పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వెక్టర్ కంట్రోల్ కేంద్రం వోల్బాకియా ఉన్న దోమల్ని అక్కడి స్థానిక దోమలతో జతకట్టించి పెంచింది.

ఇక మీ ప్రశ్న. బోనుల్లో పడిన దోమల్ని ఇథనాల్‌లో భద్రపరిచి, ఒక్కోదాన్ని నలిపి డీఎన్ఏ తీసి పీసీఆర్ (వెతికే డీఎన్ఏ ముక్క ఉంటే దాన్ని ఎన్నో రెట్లు పెంచి చూపే పరీక్ష) చేస్తారు. వినడానికి తేలిక. తప్పు జరిగేది అంతకుముందే, మైక్రోస్కోపు దగ్గర. ఈజిప్టై వీపు మీద వీణలాంటి తెల్ల గీతలుంటాయి, ఈడిస్‌లోనే మరో జాతి అయిన అల్బోపిక్టస్‌కు నడుమ ఒకటే గీత. బోను ఫ్యాన్ గాలికి పొలుసులు రాలితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అల్బోపిక్టస్‌లో, మురుగులో పెరిగే క్యూలెక్స్‌లో వోల్బాకియా పుట్టుకతోనే ఉంటుంది. వీటిలో ఒకటి పొరపాటున ట్యూబులోకి వెళ్తే, వోల్బాకియా రకాలన్నిటినీ పట్టే ప్రైమర్లు (వెతికే డీఎన్ఏకు అతుక్కునే చిన్న తునకలు) దాన్నీ పాజిటివ్ అంటాయి. కాబట్టి వదిలిన దోమల్లోని వోల్బాకియా రకాన్నే పట్టే ప్రైమర్లు వాడాలి. ప్రతి నమూనాలో దోమ సొంత జన్యువునూ పరీక్షించాలి. అదీ రాకపోతే డీఎన్ఏ సరిగ్గా రాలేదని అర్థం, వోల్బాకియా లేదని కాదు. ఇథనాల్ పూర్తిగా ఆరకపోయినా పీసీఆర్ పనిచేయదు. డీఎన్ఏ వేయని ఉత్త నీటి ట్యూబు ఒకటి ఉండాల్సిందే, అందులోనూ పాజిటివ్ వస్తే ఎక్కడో కల్తీ జరిగినట్టు.

ఇంకో సంగతి: పండ్ల ఈగ నుంచి వచ్చిన డబ్ల్యూమెల్ రకం వేడికి తాళదు. లార్వాలు (దోమ పిల్ల పురుగులు) ఉన్న నీరు రోజూ పగటిపూట 37 డిగ్రీల దాకా కాగితే బాక్టీరియా పలచబడుతుంది. మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు. వేసవి నమూనాలు మానేసి వానాకాలం లెక్కలే చూపిస్తే నమ్మకండి.

ప్రశ్న: వీధిలో పొగ కొడుతూనే ఉన్నారు, రాత్రి దోమలు తగ్గడం లేదు. మందుకు అలవాటు పడ్డాయా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: పడి ఉండొచ్చు, కానీ పరీక్షించకుండా చెప్పలేం. రాత్రి చెవి దగ్గర పాడేది ఎక్కువగా క్యూలెక్స్. పొగ తుంపర తగిలిన దోమకే పని చేస్తుంది. మంచం కిందున్న దోమకూ, కాలవలోని లార్వాకూ ఏమీ కాదు.

అలవాటు పడిందో లేదో చూడాలంటే లార్వాల్ని తెచ్చి పెంచాలి. 3–5 రోజుల వయసున్న, రక్తం తాగని ఆడదోమల్ని 20–25 చొప్పున మందు పూసిన కాగితమున్న గొట్టంలో గంటసేపు ఉంచాలి. తర్వాత శుభ్రమైన గొట్టంలోకి మార్చి, చక్కెర నీటి దూది పెట్టి 24 గంటలయ్యాక లెక్కించాలి. 98 శాతం, ఆపైన చస్తే మందు పనిచేస్తోంది. 90 లోపైతే అలవాటు పడ్డట్టే. మధ్యలో వస్తే మళ్లీ చేయాలి. మందు లేని గొట్టంలో 20 శాతానికి మించి చస్తే ఆ పరీక్షే చెల్లదు. బయట పట్టిన దోమలతో నేరుగా చేస్తే ముసలివి కలుస్తాయి. అవి తేలిగ్గా చస్తాయి, మందు బాగున్నట్టు భ్రమ కలుగుతుంది.

ప్రశ్న: తొట్టిలో బీటీఐ (లార్వాల్ని చంపే బాక్టీరియా మందు) వేశాక కూడా పురుగులు తిరుగుతున్నాయి. కల్తీ మందా?
– వరంగల్ గృహిణి

జవాబు: కామా ఆకారంలో వంగి, దొర్లుతూ ఈదేవైతే అవి ప్యూపాలు, అంటే లార్వాకూ దోమకూ మధ్య దశ. బీటీఐ పేగుల్లోకి వెళ్లాలి, ప్యూపా ఏమీ తినదు. రెండు మూడు రోజుల్లో దోమై ఎగిరిపోతుంది, కాబట్టి ఆ నీళ్లు ఇప్పుడే ఎండిన నేల మీద పారబోయండి. తొట్టి లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దండి. ఈడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన అతుక్కుని, నెలల తరబడి ఎండినా చావవు.