ఎంటీటీలో 140 శాతం వయబిలిటీ: ముందు కణాలు లేని వెల్స్ చూడండి

నేరేడు గింజల సారం డోసు పెంచేకొద్దీ హెప్‌జీ2 కణాల (ల్యాబ్‌లో పెంచే కాలేయ క్యాన్సర్ కణాలు) వయబిలిటీ, అంటే బతికున్న కణాల లెక్క, 140 శాతం దాటుతోందంటే, చాలావరకు ఎంటీటీని (బతికున్న కణాలు ఊదా రంగులోకి మార్చే పసుపు రంగు పదార్థం) ఊదా రంగులోకి మారుస్తున్నది మీ సారమే. గింజల్లోని పాలీఫినాల్స్‌కి ఆ పని చేయడానికి కణాలు అక్కర్లేదు.

ఎక్కువమంది వదిలేసేది ఇదే: కణాలు లేని కంట్రోల్. ఉత్త మీడియం (కణాలు పెరిగే ద్రవం) పోసిన బ్లాంక్ వెల్ సరిపోదు.

1. కణాలు లేని వెల్స్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో) మీడియం, మీరు వాడిన ప్రతి డోసు సారం, ఎంటీటీ వేసి, 37 డిగ్రీల్లో అంతే సేపు ఉంచండి. డోసుతో పాటు రంగు చిక్కబడితే దొంగ దొరికినట్టే.

2. అసలు ప్లేట్‌లో ఎంటీటీకి ముందే సారం ఉన్న మీడియం తీసేసి, పీబీఎస్‌తో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) మెల్లగా కడిగి, కొత్త మీడియం పోయండి. పిపెట్ టిప్ వెల్ గోడకు ఆనించండి, అడుగున గుచ్చితే కణాలు లేచిపోతాయి.

3. 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసి, అందులోంచి అదే డోసు కణాల్లేని వెల్ రీడింగ్‌ని మైనస్ చేయండి. ప్లేట్‌ని కడిగితే, మైనస్ చేసే ఈ కణాల్లేని వెల్స్‌ని కూడా ఎంటీటీకి ముందు అలాగే కడిగి, కొత్త మీడియం పోయాలి.

అప్పటికీ అనుమానముంటే ఎస్ఆర్‌బీ అనే ఇంకో రంగు పరీక్ష చేయండి, అది కణాల ప్రోటీన్‌ని కొలుస్తుంది.

అనంతపురం ఎండలకి ఇంకో మాట: ఇంక్యుబేటర్ ట్రేలో నీళ్లు తగ్గితే అంచు వెల్స్ ఎండి రీడింగ్ పాడవుతుంది, వాటిలో పీబీఎస్ పోసి వదిలేయండి.