డిసెంబరు కిటికీలో కరివేపాకు: 60 డాలర్ల లైటుకు ముందు ఒక తెల్ల బోర్డు

సందేహం: షికాగో శివార్లకు ఆగస్టులో వచ్చాం. దక్షిణం కిటికీ దగ్గర పెట్టిన కరివేపాకు మొక్క ఆకులు రాలుస్తోంది. 60 డాలర్లు పెట్టి గ్రో లైటు (మొక్కల కోసం చేసిన దీపం) కొన్నాం, పెట్టె ఇంకా విప్పలేదు. అద్దం పెడితే చాలంటున్నారు, నిజమేనా?

పెట్టె విప్పకండి. ముందు 2 డాలర్లలోపు అయ్యే పని చూద్దాం: మొక్క వెనక ఒక తెల్ల బోర్డు.

ఆగస్టులో దిగినవాళ్లకి ఇక్కడి డిసెంబరు ఇంకా తెలియదు లెండి. నెలాఖరుకు పగలు 9 గంటలే. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 25 డిగ్రీల ఎత్తు దాటడు. అదే రోజు హైదరాబాద్‌లో 49. మన పెరట్లో చెట్టుకి అన్ని వైపుల నుంచీ వెలుతురు పడుతుంది. ఇక్కడ కిటికీ వైపు ఆకులకే ఆ భాగ్యం, గది వైపువి నీడలోనే ఉంటాయి. వాటి మీదికి వెలుతురు మళ్లించడమే బోర్డు పని. లేని వెలుతురును అది పుట్టించలేదు. ఉత్తరం కిటికీలో ఎన్ని బోర్డులు పెట్టినా దండగే.

మనవాళ్లు మొదట పరిగెత్తేది వంటింటి ఫాయిల్ దగ్గరికి. ముడతలు పడ్డ ఫాయిల్ వెలుతురును మచ్చలు మచ్చలుగా చిమ్ముతుంది, ఆకులన్నిటికీ సమంగా అందదు. పైగా టేపుతో గోడకు అంటిస్తారు. ఖాళీ చేసే రోజు పెయింటు ఊడొస్తే కోత పడేది డిపాజిట్‌లోనే! రెండో తప్పు అద్దం. అది వెలుతురును ఒకే దిక్కుకు కొడుతుంది, సూర్యుడు జరిగేకొద్దీ ఆ మచ్చ మొక్కను వదిలి సోఫా మీదికి పోతుంది. ముఖం పెద్దగా చూపించే గుండ్రటి అద్దమైతే ఎండలో అసలు పెట్టకండి, నిప్పంటుకోగలదు.

కావాల్సింది వెలుతురును సమంగా పరిచే, మెరుపు లేని తెలుపు. డాలర్ స్టోర్‌లో 20 × 30 అంగుళాల తెల్ల ఫోమ్ బోర్డు (రెండు కాగితాల మధ్య నురగ ఉన్న తేలికపాటి అట్ట) తెచ్చుకోండి. వెనకవైపు, 30 అంగుళాల పొడవును మూడు భాగాలు చేస్తూ 10 అంగుళాలకొక గీత చొప్పున రెండు గీతలు కత్తితో కోయండి. ముందు కాగితం మాత్రం తెగకూడదు, మడతకు అదే ఆధారం. రెండు రెక్కలూ ముందుకు మడిస్తే దానంతట అదే నిలబడుతుంది. మొక్కకు గది వైపున, ఆకులకు 6 అంగుళాల దూరంలో పెట్టి, రెక్కలు కిటికీ వైపు విచ్చుకునేలా తెరవండి. మరీ మూసేస్తే రెక్కలే పక్కవెలుతురును ఆపేస్తాయి. మొక్క పొడుగైతే బోర్డును స్టూలు మీదికి ఎక్కించండి.

పని చేస్తోందో లేదో ఊహించుకోకండి. ఫోనులో వెలుతురును (లక్స్‌లలో) కొలిచే యాప్ వేసి, గది వైపు ఆకు దగ్గర, ఫోను ముఖం గది వైపు తిప్పి, బోర్డుతోనూ లేకుండానూ చూడండి. అంతకంటే ముందు కిటికీ అద్దం తుడవండి, దోమతెర తీసేయండి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

ఎవరూ చెప్పని చిక్కొకటుంది. బోర్డు గదిలోని వేడిగాలిని కూడా ఆపుతుంది. రాత్రి మొక్క చల్లటి కిటికీ అద్దానికీ బోర్డుకీ మధ్య చిక్కి ఇంకా ఆకు రాలుస్తుంది. సాయంత్రం బోర్డు తీసి పక్కన పెట్టండి, ఆకులు అద్దానికి తగలనివ్వకండి. ఆకు రాలిందని నీళ్లు గుమ్మరించకండి; చలికాలంలో వేరు కుళ్లేది అందుకే. కొమ్మను గోటితో గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. హీటర్ గాలి నేరుగా తగిలితే ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) పడుతుంది, ఆకు అడుగు చూస్తుండండి.

వారాల తరబడి మబ్బేస్తే బోర్డు ఒక్కటే చాలదు. అప్పుడు 20 వాట్ల మామూలు తెల్ల ఎల్ఈడీ బల్బును మొక్కకు 8–10 అంగుళాల పైన, టైమర్‌తో రోజుకు 12 గంటలు వెలిగించండి. అదే బోర్డు చుట్టూ ఉంటే పక్కలకు పోయే వెలుతురు కూడా ఆకుల మీదికే వస్తుంది. బల్బు మాత్రం బోర్డుకు తగలకూడదు. నెలకు 7 యూనిట్ల చిల్లర. యూనిట్ 17 సెంట్లనుకుంటే డాలరుంబావు.

ఇండియా నుంచి కరివేపాకు మొక్క గానీ పచ్చి ఆకు గానీ తెచ్చుకోవాలనే ఆలోచన ఉంటే, కరివేపాకుదీ నిమ్మ కుటుంబమే కాబట్టి, నిమ్మజాతి తెగుళ్ల వల్ల నిబంధనలు గట్టిగా ఉన్నాయి, యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) సైటులో చూసుకోండి.

ఆ 60 డాలర్ల లైటు రసీదు దాచారు కదా? గడువు లోపల తిరిగిచ్చేయండి.