వైరల్ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినవారిలో పోషకాహార లోపాన్ని ఎలా గుర్తిస్తారు?

జ్వరం శరీరానికి కావలసిన శక్తిని పెంచుతుంది. అదే సమయంలో ఆకలి మందగించి, రుచీ వాసనా తెలియక, ఆయాసంతో నాలుగు ముద్దలు కూడా దిగని స్థితిలో కండరాలు కరిగిపోతాయి కాబట్టి, చేరిన 24 నుంచి 48 గంటల్లోపే ఈ పరిశీలన జరగాలి. పోషకాహార లోపం ముప్పును అంచనా వేసే ఎన్‌ఆర్‌ఎస్ 2002 అనే పద్ధతిలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 20.5 కంటే తక్కువా, గత 3 నెలల్లో బరువు తగ్గారా, గత వారం తిండి తగ్గిందా, జబ్బు తీవ్రంగా ఉందా అని ముందుగా అడుగుతారు. ఒక్కదానికి అవునన్నా వివరంగా లెక్కగట్టి, మొత్తం స్కోరు 3 లేదా అంతకు మించితే పోషకాహార ప్రణాళిక వేస్తారు. లేకుంటే వారానికోసారి మళ్లీ చూస్తారు.

లావుగా ఉన్నారు కదా అని వదిలేయడం, నా దృష్టిలో, అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒంట్లో నీరు చేరితే తూకం కూడా మోసం చేస్తుంది కనుక, ఈ మధ్య బట్టలు వదులయ్యాయా అని ఇంటివాళ్లను అడగడం మేలు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఇన్ఫెక్షన్ వల్లనే పడిపోతుంది. దాన్ని పోషణకు కొలమానంగా తీసుకోరాదు.