చేతిరాత ఫాంటు కవర్ మీదే ఉండనీ

తమ్ముడూ,

నీ పుస్తకం పీడీఎఫ్ అందింది. కథల గురించి తీరిగ్గా రాస్తాను, ముందు అక్షరాల సంగతి. కవర్ నుంచి చివరి పేజీ దాకా బాపు చేతిరాత ఫాంటే వేయించావు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ, పన్నెండో పేజీకే నా కళ్లు లాగేశాయి.

నీ మోజు నాకు తెలియనిది కాదు. బాపు (1933–2014) గీసిన, రాసిన ముఖచిత్రాలు చూస్తూ పెరిగినవాణ్ని. ఆ చేతిరాతే ఫాంటై శుభలేఖల్లోకి కూడా వచ్చేసింది. నా మొదటి పుస్తకానికి ముందుమాట మొత్తం నేనూ అందులోనే వేయించాను, అదీ పది పాయింట్ల చిన్న సైజులో! ప్రూఫ్ తెచ్చి చూస్తే 'స్త్రీ' కింద ఒత్తులు మసిముద్దలా అతుక్కుపోయాయి. క్రావడి తోక పోయి కింది లైన్లో గుడిని తగిలింది. లీడింగ్, అంటే లైన్ల మధ్య ఎడం, పెంచితే పేజీలు పెరిగాయి, ప్రింటింగ్ ఖర్చు టెన్షన్ పట్టుకుంది. చివరికి మామూలు అక్షరంలోకి మార్చేశాను.

మన అక్షరం ఇంగ్లీషు కలిపిరాతలా పక్కకి సాగదు. పైన గుడులు, కింద ఒత్తులు, నిలువునా పెరుగుతుంది. చేతిరాతలో ఆ తోకలు ఇంకాస్త వయ్యారం పోతాయి. అందుకే దానికి పెద్ద సైజు కావాలి, చుట్టూ ఖాళీ కావాలి, మాటలు నాలుగైదుకి మించకూడదు. మంచి శుభలేఖ ఒకటి తీసి చూడు. వధూవరుల పేర్లే ఒంపులు తిరుగుతాయి. ముహూర్తం, మండపం అడ్రసు నిటారు అక్షరాల్లో ఉంటాయి. అవీ ఒంపులు తిరిగితే చుట్టాలు సరాసరి భోజనాలకే వస్తారు.

నీ కవర్ మీద 'అమ్మమ్మ' అన్న మాట చూశావా? రెండు 'మ్మ'లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. చేత్తో రాస్తే అలా రావు కదా. డిజైనర్‌తో చెప్పి ఆ మాటని అవుట్‌లైన్‌గా, అంటే గీసిన బొమ్మలా, మార్పించి, రెండో ఒత్తు తోక కొంచెం పొడుగు చేయించు. అంతే, ఎవరో కూర్చుని రాసినట్టుంటుంది.

కంప్యూటర్లో పేజీలు కూర్చే పాత డీటీపీ ఫాంట్లు చాలామటుకు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతిలో లేవు. వాటిలో కొట్టించిన కథ మెయిల్లో అతికిస్తే అవతల పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కథ యూనికోడ్‌లోనే టైప్ చేసుకో. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో లక్కిరెడ్డి అని చేతిరాత బాణీది ఒకటుంది. పుస్తకం కవర్‌కి నిక్షేపంగా వాడుకోవచ్చు, లైసెన్సు గొడవ లేదు. బాపు ఒంపు అందులో రాదనుకో, అది వేరే సంగతి.

పుస్తకం వెన్ను మీద మాత్రం మామూలు అక్షరమే వేయించు, అక్కడ చోటు లేదు. లోపలి పేజీలు మార్చాక ఈసారి పీడీఎఫ్ కాదు, కాగితం మీద ప్రింటు తీసి పంపు. ఫోన్లో జూమ్ చేస్తే ఏ ఒత్తయినా బాగానే కనిపిస్తుంది.

నీ అన్నయ్య