స్విచ్ వెయ్యకురా అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

తుక్కు కొట్లో కేజీల లెక్కన పోబోతున్న పాతకాలం 386 కంప్యూటర్‌ని మూడొందలిచ్చి తెచ్చానని ఫొటో పంపావు, సంతోషం. కానీ కింద "రాత్రికి ఆన్ చేసి చూస్తా" అని రాశావు చూడు, అది చదివాకే నాకు టెన్షన్ పట్టుకుంది. అప్పుడే స్విచ్ వెయ్యకు. నేనూ ఒకసారి ఇలాగే తెచ్చిన రోజే ప్లగ్గు పెడితే, ఎస్ఎంపీఎస్‌లో, అదే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బాలో, ఠప్పుమని పేలి ఇల్లంతా పొగ, మీ అత్త వారం రోజులు నన్నూ దాన్నీ వరండాలోనే పడుకోబెట్టింది. కరెంటు లోపలికొచ్చే చోట ఉండే పాత పేపర్ కెపాసిటర్ అది. ఏళ్ల తరబడి పడుంటే పైన ప్లాస్టిక్ నెర్రెలిచ్చి తేమ దిగుతుంది.

ముందు మూత తీసి మదర్‌బోర్డు మీద బ్యాటరీ వెతుకు. చిన్న పీపాలా, ఎక్కువగా నీలం రంగులో, మీద 3.6 వోల్టులని ఉంటుంది. గడియారం, సెట్టింగులు గుర్తుండటానికి పెట్టిన నికెల్ కాడ్మియం బ్యాటరీ. ఇన్నేళ్లలో కారకుండా మిగిలినవి తక్కువే. కత్తిరించి పారేయ్. కారింది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత మొబైల్ రిపేరువాళ్లు వాడే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఒక రోజు ఆరనివ్వు. అప్పుడు మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి అక్కడి ట్రాకులన్నీ, అంటే బోర్డు మీది రాగి గీతలన్నీ, తెగకుండా ఉన్నాయో లేదో చూడు. నా బోర్డులో కీబోర్డు ఎంతకీ పలకలేదు, భూతద్దం పెట్టి చూస్తే ఆకుపచ్చ పూత కింద వెంట్రుకంత ట్రాకు ఒకటి నల్లగా తినేసి ఉంది, సన్న వైరు ముక్క అతికిస్తే లేచి కూర్చుంది. దానికి రెండు సాయంత్రాలు పట్టింది. కొత్తగా కాయిన్ సెల్ పెడితే కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ మర్చిపోకు, లేకపోతే బోర్డు దాన్ని చార్జ్ చెయ్యబోతుంది, ఆ సెల్ చార్జింగ్‌ది కాదు.

ఎస్ఎంపీఎస్‌ని బోర్డుకి కలపకుండా ముందు లోడు కోసం పాడైన హార్డ్‌డిస్క్ ఏదైనా తగిలించి, ఎర్ర వైరులో 5, పసుపు వైరులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూసుకో. బోర్డుకి వెళ్లేవి రెండు కనెక్టర్లు, అచ్చం ఒకేలా ఉంటాయి, నల్ల వైర్లు రెండిటివీ మధ్యలో పక్కపక్కనే రావాలి. తారుమారైతే బోర్డు మీద ఆశ వదులుకోవచ్చు. ఇంకోటి, ఈ కాలం పెట్టెల్లో ముందున్న స్విచ్చుకే 230 వోల్టులు వస్తాయి, ఇప్పటివాటిలా కాదు, వేళ్లు పెట్టకు. ప్లగ్గు తీసినా ఎస్ఎంపీఎస్ లోపల చార్జ్ మిగిలే ఉంటుంది.

ర్యామ్ కాళ్లు పెన్సిల్ రబ్బరుతో తుడువు. నీది 386లో డీఎక్స్ రకం అయితే 30 పిన్నుల స్టిక్కులు నాలుగేసి పెట్టాలి. హార్డ్‌డిస్క్ తిరిగితే అందులోవి కాపీ చేసుకో, తిరక్కపోతే బాధపడకు, దాని బదులు అడాప్టర్‌లో పాత కెమెరాల్లో వాడే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టు. ఎంత పెద్ద కార్డు పెట్టినా బోర్డులో ఉండే ఆ బయోస్ ప్రోగ్రాం మామూలుగా 504 ఎంబీ దాకానే చూస్తుంది, ఆ కాలపు ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌కి అదే ఎక్కువ. పసుపెక్కిన పెట్టెకి పెరాక్సైడ్ పూసి ఎండలో పెడతారు కొందరు, నాకైతే ఆ రంగే బాగుంటుంది.

గుండ్రటి ఐదు పిన్నుల కీబోర్డు మా అటక మీద ఒకటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు, స్పేస్ బార్ మాత్రం కొంచెం గట్టిగా నొక్కాలి.

మీ మామయ్య